నిశ్శబ్దం కోసం కొండెక్కాను

అరకు వెళ్ళొచ్చానని తెలియగానే మా షాపుకొచ్చే ఆడవాళ్ళందరూ ఫోటోలు చూపించమన్నారు. నా ఫోన్లో ఒక్కటీ లేదు. గుహలు చూడలేదు, జలపాతం చూడలేదు, బొంగు చికెన్ తినలేదు.

"మరి అన్ని రోజులు అక్కడ ఏం చేశారండీ?" అని అడిగిందొకావిడ, బ్లౌజు కొలతలిస్తూ.

"గోడ చూశాను" అన్నాను.

హాస్యమనుకుని నవ్వింది. నిజమే చెప్పాను. అంత దూరం వెళ్ళి గోడ చూడటమేమిటో, దాని తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. అరకు అందాల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా దారి కొంచెం వేరు.

మాది తెనాలి. టైలరింగు షాపు ఉంది. మా ఆయన పోయాక నేనూ, రెండు మిషన్లూ మిగిలాం. కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలంలో పొద్దున్నే లేచేసరికి ఎడమ చెవిలో సన్నగా ఏదో మోగుతోంది. ఫ్రిజ్ అనుకున్నాను. దాన్ని ఆపి చూశాను. ఫ్యాను ఆపాను. మెయిన్ స్విచ్ కట్టేశాను. చీకటి ఇంట్లో ఆ మోత ఒక్కటే మిగిలింది. అప్పటినుంచీ ఆగలేదు. గుంటూరులో ఇద్దరు డాక్టర్లు చూశారు. నరం బలహీనమన్నారు, మందు లేదన్నారు, "అలవాటు చేసుకోండమ్మా" అన్నారు. పగలంతా మిషను చప్పుడులో అది వినపడదు. షట్టరు దించాక మొదలవుతుంది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే కాసేపు మాటల్లో పడి మరిచిపోతానేమో. లేరు.

మా షాపుకొచ్చే ఒక లెక్చరరుగారు నన్ను జెన్ ధ్యానానికి తీసుకెళ్ళారు. గుంటూరులో ఒక ఫ్లాటులో ఆదివారాలు ఏడెనిమిది మంది కూర్చుంటారు. మంత్రం లేదు, దేవుడి పటం లేదు. గోడకు ఎదురుగా దిండు మీద కూర్చుని, కళ్ళు సగం తెరిచి, ఊపిరి లెక్కపెట్టుకోవడమే. "కూర్చోగా కూర్చోగా లోపల అంతా నిశ్శబ్దమైపోతుంది" అన్నారావిడ. ఆవిడ చెప్పింది మనసు గురించి. నేను విన్నది చెవి గురించి. ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్ళు కూర్చున్నాను. అరకు కొండల్లో ఒక పెద్దాయన ఏటా చలికాలంలో ఐదు రోజులు మౌనంగా కూర్చోబెడతారని తెలియగానే, ఈసారి ఖాయం అనుకున్నాను. పెళ్ళి బట్టలకి సీజనైనా షాపు మూసి బయల్దేరాను.

సొరంగాల్లో

విశాఖలో పొద్దున్నే ఎక్కే అరకు రైలు ప్రయాణికుల బండిలా ఉండదు, పెళ్ళి బస్సులా ఉంటుంది. కుర్రాళ్ళు స్పీకర్లు తెచ్చుకున్నారు. కొత్త జంటలు కిటికీల దగ్గర వంతులు పెట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. నా ఎదురు సీట్లో కొత్తవలసలో ఎక్కిన ఒక ఎండుచేపల వ్యాపారి కూర్చున్నాడు. సరుకు ముందు రోజే లారీలో వెళ్ళిపోయిందట, వాసన మాత్రం ఆయనతోనే వచ్చింది.

"ఒక్కరే ఎల్తన్నారేటండి?" అన్నాడు.

"అవునండీ."

"సుట్టాలున్నారా అక్కడ?"

"లేరు. ధ్యానానికి వెళ్తున్నాను."

"అరకులో ఏటి, సెనాదివారాలు సంతకన్నా గోలండి. దేనానికైతే మా ఊరే నయం. మద్యాన్నం కుక్క కూడా అరవదు" అని, తన పకోడీల పొట్లం నా ముందుకు జరిపాడు.

ఘాటు ఎక్కేకొద్దీ సొరంగాలు మొదలయ్యాయి. రైలు చీకట్లో దూరిన ప్రతిసారీ పెట్టె పెట్టెంతా ఒక్కసారి "ఓ!" అని అరిచింది. చంటిపిల్లలు కూడా అరిచారు. మొదట చెవులు మూసుకున్నాను. రెండో సొరంగంలో చేతులు తీసేశాను. ఆ అరుపుల్లో, ఇనప చక్రాల రొదలో, నా చెవిలోది ఎక్కడా లేదు. వెలుతురులోకి రాగానే మళ్ళీ వచ్చింది. తర్వాత నేను కూడా అరిచాను. వ్యాపారి నా వైపు వింతగా చూసి, తనూ ఒకసారి అరిచాడు. నిశ్శబ్దం కోసం వెళ్తున్న మనిషికి దారిలో దొరికిన సుఖం అదొక్కటే.

ఒక చిన్న స్టేషనులో ఒకావిడ అడ్డాకు దొప్పల్లో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు అమ్మకానికి తెచ్చింది. ఇరవై రూపాయలకి దొప్ప నిండా పోసింది. అలవాటు కొద్దీ కొసరడిగాను. ఆవిడ వెంటనే ఇంకో గుప్పెడు వేసింది. నాకే సిగ్గేసింది.

గోడ

కూర్చునే ఇల్లు అరకు ఊరికి దూరంగా, కాఫీ తోటల పైన ఉంది. ఆటో కొంతవరకే వచ్చింది, అక్కణ్ణుంచి నడక. సిల్వర్ ఓకు చెట్ల మొదళ్ళ చుట్టూ మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు, కొమ్మల నిండా ఎర్రని పళ్ళు. ఎదుటి వాలులో నూనెగింజ వలిసె చేలు పసుపు పూసినట్టున్నాయి.

రామ్మూర్తిగారు గుమ్మంలోనే ఉన్నారు. డెబ్బై దాటిన సన్నటి మనిషి, మెడకి మఫ్లరు, విడవని దగ్గు. ఓడల ఇంజినీరుగా జపానులో చాలాకాలం ఉన్నారట. అక్కడొక గుడిలో కూర్చోవడం నేర్చుకున్నారు. గురువుగారూ అని పిలిస్తే చెయ్యి అడ్డంగా ఊపారు.

"రామ్మూర్తి అనండమ్మా. చాలు."

మా ఫోన్లన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి మూతపెట్టారు. వచ్చినవాళ్ళం ఐదుగురం. వాళ్ళ పేర్లు నాకు ఆఖరి రోజు దాకా తెలియవు. మాట్లాడకూడదు కనుక కూర వడ్డించేవారికి చాలు అని చేత్తో చూపాలి. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాళ్ళని ఇంకొంచెం, ఇంకొంచెం అని బలవంతపెట్టకపోతే మర్యాద తక్కువ. ఇక్కడ గరిటె ఒకసారి ఆగి వెళ్ళిపోతుంది. పొద్దున అక్కడివాళ్ళు చోడి అనే రాగి జావ, మధ్యాహ్నం అన్నంలోకి రాజ్మా గింజల పులుసు. రుచిగానే ఉండేది. బాగుందని చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు.

హాల్లో సున్నం కొట్టిన గోడ. దాని ముందు దిండ్లు. గంట మోగితే కూర్చోవాలి, మళ్ళీ మోగితే లేచి వరసలో మెల్లగా నడవాలి, మళ్ళీ మోగితే కూర్చోవాలి. నా ఎడమ చెవికి ఆ చిన్న గంట సరిగా అందదు. అందరూ ఆగిపోయాక కూడా నేను నడుస్తూ వెళ్ళి ముందున్నాయన వీపుకి కొట్టుకున్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. క్షమించండి అనడానికి కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. తెనాలిలో నా చెవి మోతకి తోడు చాలా చప్పుళ్ళున్నాయి. ఆటోలు, మైకులు, పైవాటా వాళ్ళ టీవీ, వీధికుక్కలు. వాటి కింద అది కొంచెం అణిగి ఉండేది. ఈ కొండ మీద ఏమీ లేదు. ఏమీ లేకపోయేసరికి అది ఇల్లంతా నిండిపోయింది. గోడ చూస్తే గోడ మోగుతున్నట్టుంది. పక్కవాళ్ళు ఎంత ప్రశాంతంగా కూర్చున్నారో వాళ్ళ ఊపిరిని బట్టి తెలుస్తోంది. వాళ్ళున్న గదిలో నేను లేను.

రెండో రోజు రామ్మూర్తిగారు ఒక్కొక్కరినే చిన్న గదిలోకి పిలిచి మాట్లాడారు. నేను చెవి సంగతంతా చెప్పాను. డాక్టర్ల మాటలు, షట్టరు దించిన తర్వాతి గంటలు, ఇక్కడికి ఎందుకొచ్చానన్నదీ చెప్పాను. ఆయన తొందరపెట్టకుండా విన్నారు.

"ఎప్పటికి తగ్గుతుందండీ?" అన్నాను.

"నాకు తెలియదమ్మా."

"కూర్చుంటే తగ్గుతుంది కదా?"

"తగ్గుతుందని కూర్చుంటే, తగ్గిందా లేదా అని చూసుకోవడంతోనే సరిపోతుంది. కూర్చున్నట్టు కాదు."

"మరేం చెయ్యమంటారు?"

"మోగుతోంది కదా. మోగుతుండగానే కూర్చోండి."

నాకు ఒళ్ళు మండింది. ఈ మాట డాక్టరు కూడా చెప్పాడు, రెండు వందల రూపాయలకే.

ఆ ఉదయం

మూడో రోజు తెల్లవారాక మొదటి కూర్చోవడం. మంచు ఇంకా విడలేదు. కొంతసేపటికి మోత ఎప్పటికన్నా చిక్కబడింది. పళ్ళు బిగబట్టి ఊపిరి లెక్కపెట్టాను. పెరుగుతూనే ఉంది. ఇంక లేచిపోదామనుకున్నాను. అప్పుడు ఆగిపోయింది.

తగ్గడం కాదు. దారం తెంపినట్టు ఆగింది.

మొదట భయమేసింది, చెవుడు వచ్చిందేమోనని. తర్వాత ఎక్కడో పిట్ట కూసింది. రామ్మూర్తిగారు దగ్గు ఆపుకుంటున్న చప్పుడు వినపడింది. పక్కావిడ శాలువా సర్దుకుంటే ఉన్ని రాసుకున్న చప్పుడు కూడా వినపడింది. ఇన్నేళ్ళుగా నాకు పిట్ట కూత వెనక ఎప్పుడూ ఆ మోత ఉండేది. ఇప్పుడు పిట్ట కూసి ఊరుకుంటే, వెనక ఖాళీ ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు. కొద్ది నిమిషాలుందేమో. తర్వాత సన్నగా, దూరంగా మొదలై, తన చోటికి తాను వచ్చేసింది.

నాకు బాధ కలగలేదు. దారి దొరికిందనుకున్నాను. కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ కూడా ఏడ్చాను. ఆ రోజు గదిలోకి పిలిచినప్పుడు ఆగకుండా చెప్పేశాను. రామ్మూర్తిగారి మొహంలో ఏదో కదిలింది. వెంటనే తల దించుకున్నారు.

"మంచిదమ్మా. వెళ్ళి కూర్చోండి" అన్నారు.

"అంతేనా అండీ?"

"అంతే."

ఆ మధ్యాహ్నం నుంచి నేను గోడ చూడలేదు. కాపు కాశాను. ముందు ఎలా కూర్చున్నానో అలాగే కూర్చున్నాను, మోకాలి కింద అదే మడత, చేతులదే తీరు. ముందులాగే పళ్ళు బిగబట్టాను. సాయంత్రం రాలేదు. మర్నాడు తెల్లవారి అదే వేళకి అందరికన్నా ముందే హాల్లోకి వెళ్ళి కూర్చున్నాను. పిట్ట కూసింది. దాని వెనక మోత అలాగే ఉంది.

లేచి రామ్మూర్తిగారి దగ్గరికి వెళ్ళాను. "నేను వెళ్ళిపోతానండీ. నావల్ల కాదు" అన్నాను.

ఆయన ఎందుకని అడగలేదు. డబ్బా మూత తీసి నా ఫోను ఇచ్చారు. "రేపు పొద్దున ఆఖరి కూర్చోవడం. రావాలనిపిస్తే రండి. అనిపించకపోతే జాగ్రత్తగా ఇంటికి వెళ్ళండమ్మా."

సంచీ పట్టుకుని ఒక్కదాన్నే కొండ దిగాను. దారంతా ఆయన మీద కోపం. దిగువకి వచ్చేసరికి నా మీదికి తిరిగింది.

సంత

ఆ రోజు సంత. అల్లం, పసుపు కొమ్ములు, కొండచీపుర్లు, రాజ్మా గింజలు, సీతాఫలాలు నేల మీద కుప్పలుగా ఉన్నాయి. అమ్మే ఆడవాళ్ళు చాలావరకు మౌనంగా కూర్చుంటారు. పిలిచి అమ్మరు. మా తెనాలి మార్కెట్లో కూరగాయలావిడ మనం రెండడుగులు ముందుకెళ్తే వెనక్కి లాక్కొస్తుంది. గోలంతా మైదానం నుంచి వచ్చిన వ్యాపారులది. ప్లాస్టిక్ బిందెలవాడు, ఉల్లిపాయలవాడు, మైకు పెట్టి చీరలు అమ్మేవాడు.

నా వృత్తి కళ్ళు ఊరుకోవు. ముసలివాళ్ళు చీరని మోకాళ్ళ కిందికి కట్టి, కొంగు భుజం మీద ముడి వేసుకున్నారు. ఒక్క పిన్నీసు లేదు, ఒక్క కుట్టు లేదు. బరువు ఎత్తుకుని కొండెక్కినా జారదు. వాళ్ళ కోడళ్ళు మాత్రం మనలాగే రెడీమేడ్ జాకెట్లు వేసుకున్నారు, చంకల దగ్గర బిగుసుకుపోయి.

లాడ్జీల్లో గది అడిగాను. వారాంతం కదా, ఎక్కడా లేదు. ఒకచోట ఉందిగానీ, ఒక్క ఆడమనిషినని తెలిసి, మేనేజరు మళ్ళీ రిజిస్టరు చూసి లేదన్నాడు. నా రైలు మర్నాడు సాయంత్రం. టీ కొట్టు పక్కన సంచీ మీద కూర్చున్నాను. సంత సద్దుమణుగుతోంది. చెవిలోది పైకి వస్తోంది. ఈ భూమ్మీద నేను ఎక్కడున్నానో ఎవరికీ తెలియదని, తెలియజెయ్యడానికి ఎవరూ లేరని అప్పుడు తోచింది.

"నువ్వు గోడ సూసేవోళ్ళ ఇంటికాడ మనిసివి కాదేటి?"

ఎదురుగా నలభై ఏళ్ళావిడ, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఆ ఇంటికి కూరగాయలు వేసేది తనేనట. పేరు చిలకమ్మ.

"నిన్న పొద్దున్న కొళాయికాడ ఏడిసినావు. సూసినాను. ఇప్పుడిక్కడ కూకున్నావు. ఏటైనాది? పొమ్మన్నారేటి?"

"లేదు, నేనే వచ్చేశాను."

"ఎవులో ఒకల్ని తోడు తెచ్చుకోలేపోయినావా?"

"ఎవరూ లేరు."

ఆవిడ అయ్యో అనలేదు. నా సంచీ ఎత్తి తన బుట్టలో పెట్టుకుంది. "మా ఇంటికొచ్చీ. రేపు పోదువు. బేగి రా, జీపు నిండిపోతాది."

మిషను

జీపులో మనుషులెందరో చెప్పను, నమ్మరు. నా ఒడిలో ఎవరిదో కోడి ఉంది. దిగాక చూస్తే చిలకమ్మ ఊరు ఆ ధ్యానం ఇల్లున్న కొండకే అవతలి వాలులో ఉంది. పైకి చూస్తే దాని పెంకులు చెట్ల మధ్య కనపడుతున్నాయి. అంత తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చానన్నమాట.

చిలకమ్మ అత్తగారు నన్ను చూసి తమ భాషలో ఏదో అని, అరుగు మీద చోటు చూపించింది. కాఫీ తోటల మధ్య, కాఫీ పండించే ఇంట్లో, నాకు టీ ఇచ్చారు. కాఫీ తాగరా అని అడిగితే చిలకమ్మ, "సేదు. అది మీకే" అంది. సామన్నం, వలిసెల పొడి పెట్టింది. మా గోంగూరకి అలవాటు పడిన నాలుక కూడా ఆ పొడిని రెండోసారి అడిగింది.

పొద్దుగూకుతుండగా ఊళ్ళోవాళ్ళు బస్తాలు మోసుకుని వాగు పక్కన రేకుల షెడ్డు దగ్గరికి చేరారు. ఆ రోజు కోసిన కాఫీ పళ్ళు. పండు పై గుజ్జు ఒలిచి గింజ వేరుచేసే మిషను ఒకటి నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి పెట్టుకున్నారు. చిలకమ్మ మొగుడు భీమన్న స్విచ్ వేశాడు. ముందు గరగరమంది, తర్వాత వేగం అందుకుని సన్నటి కూతలోకి వెళ్ళింది. ఎర్రటి తొక్కలు ఒక పక్క, జిగురు గింజలు ఒక పక్క పడుతున్నాయి. పుల్లటి వాసన. నేను టీ గ్లాసుతో చూస్తూ నిలబడ్డాను. పళ్ళన్నీ అయ్యాక భీమన్న స్విచ్ కట్టేశాడు.

నా చెవిలో కూడా ఆగిపోయింది.

వాగు వినపడింది. కోడి రెక్క కొట్టుకుంది. ఎవరో బస్తా దులిపారు. వెనక ఏమీ లేదు. అదే ఖాళీ. నిన్నటిదే.

గ్లాసు కింద పెట్టి, "నిన్న పొద్దున్న కూడా మిషను ఆడించారా?" అని అడిగాను.

"ఔనమ్మా" అన్నాడు భీమన్న. "ముందలి రోజు సాయంత్రం కరెంటు లేదు. పళ్ళు నిలవుంటే పులిసిపోతాయి. అందుకే తెల్లారిన తరవాత ఆడించినాం. ఈ వారంలో పళ్ళు కోసింది మొన్న, మళ్ళీ ఈ రోజే."

అంతే. హాల్లో మోత చిక్కబడటం ఈ మిషను. ఆగిపోవడం కూడా ఈ మిషనే. నా మోత, దాని కూత ఒకే శ్రుతి. అది ఆగితే కాసేపు నా చెవి కూడా మోసపోయి ఊరుకుంది. నేను దాన్ని రెండేళ్ళ సాధనకి ఫలమనుకుని కొళాయి దగ్గర ఏడ్చాను.

మోత తిరిగి వచ్చేసింది. అప్పుడు నేను చేసింది ధ్యానం చేసేవాళ్ళెవరూ చెయ్యరు.

"మళ్ళీ వెయ్యండి" అన్నాను.

"పళ్ళయిపోనాయమ్మా. ఖాళీగా తిప్పితే పాడవుద్ది."

"ఒక్కసారి. దండం పెడతాను."

భీమన్న పెళ్ళాం వైపు చూశాడు. "పోనీ, ఒకపాలి ఎయ్యి" అంది చిలకమ్మ. వేశాడు, ఆపాడు. నా చెవి ఊరుకుంది, కానీ ఈసారి కొద్దిసేపే. నేనే వెళ్ళి స్విచ్ వేశాను. ఎవరూ ఆపలేదు. కట్టేశాను. మిషను ఆగింది. నా మోత ఆగలేదు. మళ్ళీ చెయ్యి వెయ్యబోతే చిలకమ్మ నా మణికట్టు పట్టుకుంది.

పనిచేస్తున్న ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. వాగు గట్టున రాయి మీద కూర్చుని, ఊరుగాని ఊళ్ళో, పరాయివాళ్ళ మధ్య, గట్టిగా ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు.

ఎలాగుంటాది?

ఏడుపు ఆగాక చెప్పాను. చిలకమ్మ విని, మిగతావాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పింది. కాసేపు గుసగుసలు. తర్వాత నన్ను ఒక మాట అడిగింది. ఈ మాట ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ అడగలేదు, మా వాళ్ళూ అడగలేదు, రామ్మూర్తిగారూ అడగలేదు.

"ఎలాగుంటాది అది? ఒకపాలి సేసి సూపించు."

"నేనా?"

"మరేటి, నీకే కదా ఇనబడతాది. మాకెలాగ తెలుస్తాది?"

సిగ్గుపడుతూ పళ్ళ మధ్య నుంచి సన్నగా "ఈ..." అన్నాను. చిలకమ్మ తనూ అంది. "ఇలాగేటి?"

"కాదు. ఇంకొంచెం పైకి."

జిగురు గింజలు కడుగుతున్న ఒకావిడ అంది. ఇంకొకావిడ, కాదు దోమలాగ అని సరిదిద్దింది. వాళ్ళల్లో వాళ్ళకి వాదన పుట్టింది. ఒకరు ఏదో పురుగు పేరు చెప్పారు, ఇంకొకరు అది కాదు, వానాకాలంలో వచ్చేది అన్నారట. భీమన్న మిషను కూత పట్టబోయి దగ్గాడు. అందరూ నా మొహం కేసి చూసి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నారు, నేను కాదని తల ఊపుతున్నాను.

అప్పుడు షెడ్డు గుమ్మంలో కూర్చున్న ముసలావిడ, పళ్ళు లేని ఆ అత్తగారు, ముక్కుతో సన్నగా, తెగకుండా ఒక కూత తీసింది.

అదే. అచ్చంగా అదే. నా తల లోపల తప్ప ఎక్కడా లేనిది, ఎదురుగా ఒక ముసలావిడ ముక్కులోంచి వస్తోంది.

"అదే!" అని అరిచాను.

చిలకమ్మ అందుకుంది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆ వాగు ఒడ్డున పదిమంది నా మోతని మోగించారు. లోపలిదేదో బయటిదేదో కాసేపు నాకు తెలియలేదు. ఒక కుక్క భయపడి మొరిగింది, అంతా పగలబడి నవ్వారు. నేను కూడా.

నవ్వులాగాక చిలకమ్మ అడిగింది, "రోజూ ఇదేనా?"

"రోజూ."

"మరి నిద్దర?"

"పట్టదు."

ఆవిడ ఆ మాట అత్తగారికి చెప్పింది. ముసలావిడ నా వైపు చూసి, తెలుగులోనే, "పాపం" అంది.

మళ్ళీ పైకి

పొద్దున చిలకమ్మ కూరగాయల బుట్టతో కొండ ఎక్కుతుంటే వెంట వెళ్ళాను. దారిలో నా ఫోను నంబరు అడిగి తీసుకుంది. ఎందుకు వెళ్తున్నానో నాకు స్పష్టంగా తెలియదు. ఏదో జరుగుతుందని మాత్రం కాదు. గోడ ముందు నా దిండు అలాగే ఉంది. కూర్చున్నాను. చెవిలో మోగుతూనే ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. గంట కొట్టారు. అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

మౌనం విడిచాక రామ్మూర్తిగారికి మిషను సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన మఫ్లరు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ మిషను నేను ఏటా వింటానమ్మా. అది ఇదీ ఒకటని తట్టలేదు" అన్నారు. మఫ్లరు మడతపెడుతూ, "మీకొక మాట చెప్పాలి. ఆ రోజు మీరొచ్చి చెబితే వెళ్ళి కూర్చోమన్నాను కదా. లోపల మాత్రం పొంగిపోయాను. ఇన్నేళ్ళుగా కూర్చోబెడుతున్నాను, ఒక్కరికైనా మేలు జరిగిందనుకున్నాను. ఆ పూట అన్నం ఎక్కువ తిన్నాను."

"మీరు కూడానా అండీ?"

"నేను కూడా."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతుంటే ఆయనకు దగ్గు వచ్చింది, నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. రైలు దాకా నాకు తోడెవరూ రాలేదు. దారిలో సొరంగాల్లో ఎవరూ అరవలేదు. ఆదివారం సాయంత్రపు బండి, అందరూ అలిసిపోయి నిద్రపోతున్నారు.

తెనాలి

మోత తగ్గలేదు. అడిగేవాళ్ళకి అదే చెబుతున్నాను. పొద్దున్నే గోడ ముందు కూర్చుంటున్నాను. ఎందుకంటే చెప్పలేను. ఆగిందా అని చూసుకోవడం కొన్ని రోజులు మానతాను, కొన్ని రోజులు మానలేను. షట్టరు దించాక ఇల్లు ఇదివరకటిలాగే ఉంటుంది.

మొన్న సాయంత్రం ఫోను మోగింది. కొత్త నంబరు. హలో అంటే ఎవరూ పలకలేదు. గరగరమని ఏదో మొదలై, సన్నటి కూతలోకి ఎక్కింది. కుట్టు ఆపి, ఎడమ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. చాలాసేపు ఆడింది. మంచి కాపే వచ్చినట్టుంది. తర్వాత ఆగింది. ఫోనులో వినడం వల్లనేమో, నా చెవిలోది ఆగలేదు.

"పోయినాదా?" అంది చిలకమ్మ.

"పోలేదు."

"సరేలే. రేపు మళ్ళీ సేత్తాను."

వద్దని నేను అనలేదు.